విమానాశ్రయం ఇటువైపు, బస్సులన్నీ అటువైపు

క్లుప్తంగా: శంషాబాద్ విమానాశ్రయం హైదరాబాద్‌కు దక్షిణాన, బెంగళూరు హైవేకు ఆనుకుని ఉంది. పాలమూరు (మహబూబ్‌నగర్) వెళ్లేవారు నగరంలోకి అడుగుపెట్టాల్సిన పనే లేదు. అయినా టెర్మినల్ నుంచి కదిలే ప్రజా రవాణా దాదాపు అంతా నగరం వైపే నడుస్తుంది. మహబూబ్‌నగర్ ప్రయాణికుడిని నిజంగా ఇబ్బంది పెట్టేది 80 కిలోమీటర్ల హైవే ప్రయాణం కాదు, టెర్మినల్‌కూ శంషాబాద్ బస్టాప్‌కూ మధ్య ఉన్న ఆరేడు కిలోమీటర్లు. నల్లగొండ వారి చిక్కు వేరు. వారికి బస్సు మార్గం ఎల్బీనగర్ మీదుగా, కారు మార్గం ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా విడిపోతాయి. రెండు జిల్లాల వారికీ కిరాయిని తేల్చేది దూరం కన్నా విమానం దిగే వేళ, బండి ఖాళీగా తిరిగి వెళ్లాల్సి రావడం.

దగ్గరైన విమానాశ్రయం

2008 మార్చి దాకా విమానాలు బేగంపేటలో దిగేవి. పాలమూరు వైపు వెళ్లాలంటే నగరాన్ని ఉత్తరం నుంచి దక్షిణం దాకా దాటుకుని, నగరం దక్షిణపు కొసన ఉన్న ఆరాంఘర్ చౌరస్తా చేరాక గానీ అసలు ప్రయాణం మొదలయ్యేది కాదు. ఆ నెలలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక లెక్క తిరగబడింది. నగరం వారికి విమానాశ్రయం పాతిక, ముప్పై కిలోమీటర్లు దూరం జరిగింది. వారి కోసం మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కట్టారు, 2009లో అది తెరుచుకుంది. పాలమూరు వారికి మాత్రం అదే విమానాశ్రయం ఆ మేరకు దగ్గరైంది.

ఎంత దగ్గరో చూడాలంటే జిల్లా పాత హద్దు గుర్తు చేసుకోవాలి. 2016 అక్టోబర్‌లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా షాద్‌నగరే కాదు, కొత్తూరు మండలం కూడా మహబూబ్‌నగర్ జిల్లాలోదే. శంషాబాద్ దాటి కాసేపు పోతే కొత్తూరు వచ్చేస్తుంది. అంటే విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి ఎనిమిదేళ్లకు పైగా ఉమ్మడి పాలమూరు జిల్లా దాదాపు దాని గడప దగ్గరే మొదలైంది. ఇప్పుడు ఆ మండలాలు రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లాయి గానీ రోడ్డు అదే, దూరం అదే. టెర్మినల్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే షాద్‌నగర్, బాలానగర్ దాటి జడ్చర్ల. అక్కడ హైవే విడిచి కుడివైపు తిరిగితే 15 కిలోమీటర్లలో మహబూబ్‌నగర్. మొత్తం కలిపి సుమారు 80 కిలోమీటర్లు, మధ్యలో రాయికల్ దగ్గర ఒక్క టోల్ గేటు. కారులో గంటన్నర సరిపోతుంది. సాయంత్రం వేళ నగరంలో ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్లడానికి కూడా అంతే పట్టే రోజులుంటాయి.

మరి బస్సులు అటే ఎందుకు పోతాయి

ఆర్టీసీ విమానాశ్రయం కోసం ప్రత్యేకంగా నడిపే పుష్పక్ ఏసీ బస్సులు సికింద్రాబాద్, జేఎన్టీయూ, ఎల్బీనగర్, ఉప్పల్ దిక్కులకు పోతాయి. 2019లో ఈ మార్గాల్లోకి 40 విద్యుత్ బస్సులు వచ్చాయి. బస్సుల రకం మారింది గానీ వాటి దిక్కు మారలేదు.

దీని వెనుక ఆర్టీసీ నడక తీరే ఉంది. జిల్లా బస్సులకు నగరం మధ్యలోని ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) మూలస్థానం. మహబూబ్‌నగర్ డిపో బస్సు అక్కడి నుంచి బయలుదేరి, ఆరాంఘర్‌లో జనాన్ని ఎక్కించుకుని, శంషాబాద్ మీదుగా సాగిపోతుంది. అదే బస్సును విమానాశ్రయం లోపలికి మళ్లిస్తే పోనూ రానూ పన్నెండు కిలోమీటర్లకు పైగా అదనం, అరగంట ఆలస్యం. బస్సులో ఉన్న యాభై మందిలో విమానం దిగినవారు ఇద్దరో ముగ్గురో అయితే మిగతా వారంతా ఆ అరగంట భరించాలి. పోనీ టెర్మినల్ నుంచే నేరుగా పాలమూరుకు బస్సు వేద్దామంటే విమానాల రాక గంటగంటకూ మారుతుంది. ఒక్క పట్టణానికి సరిపడా జనం ఒకేసారి దిగరు. నగరం వైపు ఆ సమస్య లేదు, ఏ వేళ చూసినా పది మంది ఉంటారు.

కాబట్టి ఆర్టీసీ లెక్కలో తప్పు పట్టడానికి పెద్దగా లేదు. లోపమల్లా నేరుగా బస్సు వేయడం, అసలేమీ వేయకపోవడం అనే రెండింటి మధ్య మూడో దారి ఉందని ఆలోచించకపోవడంలో ఉంది. హైవే మీద పాలమూరు బస్సులు రోజంతా తిరుగుతూనే ఉన్నాయి. టెర్మినల్‌ను ఆ హైవేతో కలిపే చిన్న బస్సు చాలు.

ఆ ఆరేడు కిలోమీటర్లు

అది లేకపోవడం వల్ల ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడాలి. దోహా నుంచో దుబాయ్ నుంచో వచ్చిన పాలమూరు మనిషి తెల్లవారుజామున బయటికి వస్తాడు. చేతిలో తాడుతో కట్టి, మార్కర్‌తో పేరూ ఊరూ రాసిన పెట్టె. శంషాబాద్ బస్టాప్‌కు వెళ్తే పాలమూరు ఎక్స్‌ప్రెస్ దొరుకుతుందని తెలుసు. టెర్మినల్ దగ్గర ఆటో అడ్డా లేదు. యాప్‌లో క్యాబ్ పిలిస్తే డ్రైవర్ ఫోన్ చేసి ‘ఎక్కడికన్నా’ అని అడుగుతాడు, ‘శంషాబాద్ బస్టాండ్’ అనగానే ట్రిప్పు రద్దవుతుంది.

డ్రైవర్ పక్షాన చూస్తే అతను రద్దు చేయడానికీ కారణం ఉంది. విమానాశ్రయం పార్కింగ్‌లో బండ్లు వరుసలో నిలబడతాయి, ముందు వచ్చిన బండికి ముందు సవారీ. గంటో రెండు గంటలో కాచుకుంటే గచ్చిబౌలికో సికింద్రాబాద్‌కో సవారీ తగులుతుందని ఆశ. అంతసేపు నిలబడ్డాక ఏడు కిలోమీటర్ల సవారీ వస్తే చేతికి వచ్చేది కొద్దిపాటి కిరాయి, మళ్లీ వరుసలో చివరి చోటు. దూరం తక్కువైనకొద్దీ డ్రైవర్‌కు నష్టం పెరిగే పద్ధతి ఇది. ప్రయాణికుడికి చిన్న దూరమే అన్నింటికన్నా కష్టంగా దొరకడానికి కారణం అదే.

అందుకే చాలామంది పుష్పక్ ఎక్కి ఆరాంఘర్ దాకా వెనక్కి వెళ్తారు. పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లు ఉత్తరానికి పోయి, అక్కడ దిగి, రోడ్డు దాటి, జిల్లా బస్సు ఎక్కి, మళ్లీ అదే శంషాబాద్ మీదుగా దక్షిణానికి వస్తారు. చుట్టుదారే గానీ ఇందులో ఒక మేలుంది. ఆరాంఘర్‌లో అన్ని బస్సులూ ఆగుతాయి, సీటు దొరికే వీలూ ఎక్కువ. శంషాబాద్ చేరేసరికి ఎక్స్‌ప్రెస్‌లు నిండిపోయి ఉంటాయి. నాన్‌స్టాప్ అని బోర్డు పెట్టుకున్న బస్సు అక్కడ ఆగుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. పైగా పెద్ద పెట్టెతో కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్ మెట్లెక్కడం ఎంత కష్టమో ఎక్కిన వారికే తెలుసు. పెట్టె డ్రైవర్ వెనుకో ఇంజన్ పక్కనో సర్దాలి, కండక్టర్ లగేజీ టికెట్ కొట్టవచ్చు.

మహిళల విషయంలో ఈ లెక్క ఇంకా వింతగా తయారైంది. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, గుర్తింపు కార్డు చూపితే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. పుష్పక్‌కు అది వర్తించదు. కాబట్టి పాలమూరు మహిళ విమానం దిగితే శంషాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా ఖర్చు సున్నా. చేతి నుంచి డబ్బు పడేదంతా టెర్మినల్ నుంచి ఆ బస్టాప్ చేరేందుకే.

క్యాబ్ కిరాయి ఎందుకు రెట్టింపు అవుతుంది

కుటుంబంతో, నాలుగైదు పెట్టెలతో దిగినవారు నేరుగా కారు మాట్లాడుకుంటారు. అప్పుడు ఎదురయ్యే ప్రశ్న, 80 కిలోమీటర్లకు ఇంత కిరాయా అన్నది.

ఉదాహరణకు కిలోమీటరుకు 14 రూపాయలు అనుకుందాం. ఒకవైపు దూరానికి లెక్క 1,120 రూపాయలు. కానీ డ్రైవర్ మహబూబ్‌నగర్‌లో దింపాక అర్ధరాత్రో తెల్లవారుజామునో ఖాళీగా వెనక్కి రావాలి. ఆ ఖాళీ దారి ఖర్చు కలిపితే 160 కిలోమీటర్లకు 2,240. రోజు లెక్కన బండి ఇచ్చేవారు చాలాచోట్ల రోజుకు కనీసం 250 కిలోమీటర్ల కిరాయి కట్టాలనే నియమం పెడతారు. ఆ లెక్కన 3,500. దీనిపైన టోల్, డ్రైవర్ బత్తా. ఒకే ప్రయాణానికి ముగ్గురిని అడిగితే మూడు ధరలు చెప్పడంలో మోసం ఉండాల్సిన అవసరం లేదు, మూడూ వేర్వేరు లెక్కల మీద చెప్పినవి కావచ్చు. బేరం మొదలుపెట్టేముందు ‘వన్‌వే డ్రాపా, రోజు కిరాయా, టోల్ లోపలా బయటా’ అని అడగాలి. అది తేలాక బేరమాడితే ఫలితం ఉంటుంది.

యాప్‌లలోనూ ఇదే తేడా. నగరం సవారీ కింద మహబూబ్‌నగర్ అని కొడితే బండి దొరకదు, ఇంటర్‌సిటీ లేదా ఔట్‌స్టేషన్ ఎంచుకోవాలి. విదేశీ సిమ్‌తో దిగినవారికి ఓటీపీ రాక, యూపీఐ పనిచేయక చిక్కులొస్తాయి. అలాంటివారికి ప్రీపెయిడ్ ట్యాక్సీ కౌంటరే నయం. చీటీ మీద మొత్తం రాసి ఉంటుంది కాబట్టి దారిలో పేచీ ఉండదు.

ఊరి నుంచే కారు పిలిపించుకోవడం మరో పద్ధతి, పల్లెల్లో ఎక్కువగా జరిగేది ఇదే. ఖాళీ ప్రయాణం ఇందులోనూ తప్పదు, కాకపోతే ఈసారి బండి వచ్చేటప్పుడు ఖాళీ. తెలిసిన డ్రైవర్, ఎదురొచ్చే మనవాళ్లు ఇద్దరు ముగ్గురు, ఇంటి గుమ్మం దాకా దింపడం, ఇవి కలిసొస్తాయి. ఫాస్టాగ్ ఉంటే 24 గంటల్లోపు అదే జాతీయ రహదారి టోల్ గేటు మీదుగా తిరిగొచ్చే బండికి రెండువైపులా కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. ఒక్క జాగ్రత్త అవసరం. సొంత వాడకానికి నమోదైన తెల్ల నంబర్ ప్లేటు బండిని కిరాయికి తెచ్చుకుంటే దారిలో ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ పరిహారం నిరాకరించే ప్రమాదం ఉంది. పసుపు ప్లేటు అడగడం అనుమానంతో కాదు, ఈ భయంతోనే.

నల్లగొండ లెక్క వేరు

పాలమూరుకు హైవే టెర్మినల్‌కు దగ్గర్లోనే ఉంటే, నల్లగొండకు వెళ్లే 65వ నంబర్ విజయవాడ హైవే నగరానికి తూర్పున ఉంది. ఈ రెండింటినీ కలిపేది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. శంషాబాద్ దగ్గర ఎక్కి తుక్కుగూడ, బొంగులూరు దాటి పెద్ద అంబర్‌పేటలో దిగితే నగరం రద్దీ తగలకుండా విజయవాడ హైవే చేతికొస్తుంది. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటు, తర్వాత చిట్యాల, నార్కట్‌పల్లి. అక్కడ కుడికి తిరిగితే ఇరవై కిలోమీటర్లలో నల్లగొండ. మొత్తం 110 కిలోమీటర్ల పైచిలుకు. ఔటర్ మీద తిరిగిన దూరాన్ని బట్టి ఒక టోల్, పంతంగిలో మరొకటి. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి దగ్గర వాహనాలు ఎంత పొడవున నిలుస్తాయో ఏటా చూస్తున్నదే. ఆ రోజుల్లో విమానం దిగేవారు గంట, రెండు గంటలు అదనంగా లెక్కలో వేసుకోవాలి.

బస్సులో వెళ్లేవారికి ఔటర్ పనికిరాదు, దాని మీద నల్లగొండ బస్సు ఏదీ ఆగి ఎక్కించుకోదు. ఎల్బీనగర్ వైపు వెళ్లే పుష్పక్ ఎక్కి, అక్కడ దిగి నల్లగొండ బస్సు అందుకోవాలి. పాలమూరు వారి ఆరాంఘర్ ప్రయాణంతో పోలిస్తే ఇది నయం. ఎంతో కొంత తూర్పుకే పోతారు కాబట్టి వెనక్కి వెళ్లినట్టు కాదు. బస్సు మారడం కూడా ఒక్కసారే. రైలు మాత్రం నల్లగొండ వారికి అక్కరకు రాదు. బీబీనగర్ నుంచి నడికుడి పోయే ఆ లైను అందుకోవాలంటే ముందు సికింద్రాబాద్ చేరాలి.

నల్లగొండ జిల్లా అంతా ఈ దారిలోనే రాదు. దేవరకొండ వారికి బొంగులూరు దగ్గర ఔటర్ దిగి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సాగర్ రోడ్డు దగ్గర. ఉమ్మడి పాలమూరులోనూ ఇంతే, ఆమనగల్లు, కల్వకుర్తి, అచ్చంపేట వారికి తుక్కుగూడ నుంచి శ్రీశైలం రోడ్డు. గద్వాల వారు 44 మీదే ఎర్రవల్లి చౌరస్తా దాకా పోయి కుడికి తిరగాలి. ‘హైదరాబాద్ పోయి అక్కడి నుంచి’ అనే పాత అలవాటు కొద్దీ వీరిలో చాలామంది ఇప్పటికీ ఎంజీబీఎస్ చేరి బయలుదేరుతున్నారు.

దిగే వేళ

పగలు పది గంటలకు దిగినవారికి పైన చెప్పిన దారులన్నీ తెరిచే ఉంటాయి. చిక్కంతా అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా దిగే విమానాలతోనే. విదేశీ విమానాలు ఎక్కువగా వచ్చేదీ ఆ వేళల్లోనే.

రాత్రిపూట 44వ నంబర్ హైవే ఖాళీగా ఉండదు. కర్నూలు, తిరుపతి, బెంగళూరు బస్సులు వరుసగా పోతుంటాయి. కానీ వాటిలో చాలావరకు మహబూబ్‌నగర్ ఊళ్లోకి రావు, హైవే మీదే సాగిపోతాయి. ఎవరైనా జడ్చర్లలో దింపినా మిగిలిన 15 కిలోమీటర్లు అర్ధరాత్రి ఆటో మీద ఆధారపడాలి. ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నప్పుడు ఇది చేయకూడని పని. అలాంటి వేళ తెల్లవారేదాకా టెర్మినల్‌లోనే కూర్చుని మొదటి బస్సు వేళకు కదలడం, లేదా ముందే కారు మాట్లాడుకోవడం, ఈ రెండే మార్గాలు. రాత్రంతా విమానంలో గడిపి వచ్చిన మనిషిని డ్రైవర్ పక్క సీట్లో కూర్చోబెట్టి తెల్లవారుజామున మూడింటికి బయలుదేరే కుటుంబాలు ఒకటి గమనించాలి. డ్రైవర్ కూడా ఆ రాత్రి నిద్రపోలేదు. ఊరి నుంచి వచ్చిన బండి అయితే అతను అప్పటికే ఒకవైపు దూరం తోలుకొచ్చి ఉంటాడు. షాద్‌నగర్ దగ్గర చాయ్ కోసం పావుగంట ఆగితే పోయేదేమీ లేదు.

లాడ్జి గుమ్మం దగ్గర

బస చేసేవారికి చివరి మెట్టు ఇక్కడ. జడ్చర్ల వైపు నుంచి వచ్చే బండి అప్పన్నపల్లి వంతెన దాటి మహబూబ్‌నగర్‌లోకి వస్తుంది. నల్లగొండలో మర్రిగూడ బైపాస్ దాటి క్లాక్ టవర్ వైపు పోవాలి. రెండు ఊళ్లలోనూ ట్రాఫిక్ పెద్ద సమస్య కాదు, చేరే సమయమే సమస్య. పెద్ద హోటళ్లలో గది మధ్యాహ్నం పన్నెండుకు గానీ ఇవ్వరు. ఉదయం అయిదింటికి చేరినవారు ముందు రోజుకు కూడా డబ్బు కట్టాల్సి వస్తుంది. పట్టణాల లాడ్జీల్లో 24 గంటల పద్ధతి ఇంకా ఉంది, ఏ వేళకు దిగితే మర్నాడు ఆ వేళ దాకా గది వారిదే. తెల్లవారుజామున దిగేవారికి ఇది చవక, కాబట్టి బుక్ చేసేటప్పుడే ఏ పద్ధతో అడగాలి.

పెళ్లికో పండక్కో అమెరికా నుంచి వచ్చే కుటుంబాలకు మరో అడ్డంకి. తల్లిదండ్రులది భారత పాస్‌పోర్టే అయినా పిల్లలది అమెరికా పాస్‌పోర్టు అయి ఉండవచ్చు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు దిగితే హోటల్ యాజమాన్యం 24 గంటల్లోగా ఆ వివరాలు అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ నమోదు లేని చిన్న లాడ్జీలు తలనొప్పి ఎందుకని గది లేదంటాయి. మాట తెలుగే, మనుషులు మనవాళ్లే అయినా చూసేది పాస్‌పోర్టు. గది ఖాయం చేసుకునే ముందు ఫోన్‌లో ఈ ఒక్క మాట అడిగితే తెల్లవారుజామున పిల్లలతో గుమ్మం ముందు నిలబడాల్సిన పని ఉండదు.

పట్టాలు ఎంత దాకా వచ్చాయి

సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల రైలు మార్గం డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైంది. ఈ మార్గంలోని ఉందానగర్ స్టేషన్ విమానాశ్రయానికి సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. కాగితం మీద చూస్తే పాలమూరుకు ఇంతకన్నా మంచి దారి లేదు. అయితే పట్టాలు విమానాశ్రయం లోపలికి రాలేదు, టెర్మినల్‌కూ స్టేషన్‌కూ మధ్య మళ్లీ అదే ఆరు కిలోమీటర్ల ఖాళీ. పైగా మహబూబ్‌నగర్ పోయే రైళ్లన్నీ ఉందానగర్‌లో ఆగవు. 2023 సెప్టెంబర్‌లో మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది గానీ ఇక్కడ ఆగదు.

మెట్రో కథ కూడా మలుపులు తిరిగింది. ఐటీ సంస్థలున్న రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారి ఆ మార్గాన్ని పక్కన పెట్టింది. రెండో దశ ప్రతిపాదనల్లో కొత్తగా వచ్చినది నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్ మీదుగా విమానాశ్రయం చేరే 36.8 కిలోమీటర్ల మార్గం. 2024 చివర్లో రాష్ట్రం దీన్ని కేంద్రం ఆమోదానికి పంపింది.

నగరంలో ఈ మార్పు మీద జరిగిన చర్చంతా ఐటీ ఉద్యోగుల చుట్టూ తిరిగింది. జిల్లాల వైపు నుంచి చూస్తే రెండో మార్గమే మేలు. రాయదుర్గం మెట్రో వచ్చి ఉంటే నల్లగొండ వారికి దానితో పని లేదు. కొత్త మార్గం వారిని టెర్మినల్ నుంచి నేరుగా ఎల్బీనగర్‌లో, నల్లగొండ బస్సు ఆగే చోట దింపుతుంది. పాలమూరు వారికి ఆరాంఘర్ చేతికొస్తుంది, ఆ దారిలో శంషాబాద్ దగ్గర హైవే మీద స్టేషన్ వస్తే వెనక్కి పోయే పని కూడా తప్పుతుంది.

మెట్రో కట్టడానికి ఏళ్లు పడుతుంది. టెర్మినల్, శంషాబాద్ బస్టాప్, ఉందానగర్ స్టేషన్ మధ్య గంటకు రెండుసార్లు తిరిగే మినీ బస్సుకు కొత్త రోడ్డు అక్కర్లేదు, కొత్త పట్టాలు అక్కర్లేదు. పెట్టెలు పెట్టుకునే చోటు ఉన్న రెండు బండ్లు, తెల్లవారుజామున మూడింటి నుంచే మొదలయ్యే వేళల పట్టిక ఉంటే సరిపోతుంది.